రంగుల కంపెనీ వెనక నల్లా

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్లు. ఎవరు పోయినా నాలుగు రోజులకు ఫలానా బావి దగ్గర కనబడ్డారనేవాళ్లు. అవి పని లేని మాటలని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే అభిప్రాయం. మనిషికి మనిషి చేసే అన్యాయం ముందు దయ్యం ఏపాటిది? అందుకే ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఊరుకున్నాను. ఇప్పుడు రాయిస్తున్నది కూడా భయం కాదు, కోపం. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒక ఊరు. తొంభైల్లో మా చుట్టూ ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు, మధ్యమధ్య కంపెనీల షెడ్లు ఉండేవి. జీడిమెట్లలో జాగా దొరకని చిన్న యూనిట్లన్నీ ఇటే వచ్చేవి. ఊరి నుంచి సైకిల్ మీద వెళ్లేంత దూరంలో బట్టలకు వేసే రంగులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు. మాకు మాత్రం అది రంగుల కంపెనీ. మా నాయిన తమ్ముడు మల్లేశం చిన్నాయిన అందులో పనిచేసేవాడు.

చిన్నాయిన చేతులు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పసుపులో ముంచి తీసినట్టు, మణికట్టు దాకా. డ్యూటీ నుంచి వచ్చాక వాకిట్లో కూర్చుని కిరోసిన్, ఇటుక పొడి కలిపి రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో రంగు అట్లాగే ఉండేది. వాసన కూడా ఉండేది. కాలిన వెంట్రుకలు, చేదు బాదంపప్పు కలిసినట్టుండే ఘాటు వాసన. ఆయన చొక్కా వేరే బకెట్లో నానబెట్టేవాళ్లు.

ఒక వానాకాలం రాత్రి ఆయన నైట్ డ్యూటీకి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

మర్నాడు మా అండాలు చిన్నమ్మ, అంటే చిన్నాయిన భార్య, నన్ను చెయ్యి పట్టుకుని కంపెనీ గేటు దగ్గరికి తీసుకెళ్లింది. అప్పుడు నేను మూడో తరగతో నాలుగో తరగతో. లోపల నుంచి అదే వాసన, రోజూకన్నా చాలా ఎక్కువగా వస్తోంది. కళ్లు మండాయి. గేటు దగ్గర ఉన్న సూపర్‌వైజర్, మల్లేశం నిన్న డ్యూటీకే రాలేదని చెప్పాడు. నిన్న రాత్రి టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చిన మనిషి నిలబడి ఉండగా ఆ మాట అన్నాడు. చిన్నమ్మ నమ్మలేదు. అరిచింది. గేటును రాయితో కొట్టింది. ఇద్దరు మనుషులు వచ్చి మమ్మల్ని రోడ్డు మీదికి నెట్టేశారు.

పోలీసులు మనిషి తప్పిపోయాడని రాసుకున్నారు. కంపెనీవాళ్లు ఇంకో మాట పుట్టించారు. మల్లేశానికి ఎవరో ఆడదానితో సంబంధం ఉందని, దాన్ని తీసుకుని బొంబాయి పోయాడని. ఆ మాట మా ఊళ్లో నిప్పులా పాకింది. ఎంత తేలిగ్గా పాకిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయనతో పాటు చదువుకున్నవాళ్లు, ఆయన చేత పొలం దున్నించుకున్నవాళ్లు కూడా, ‘ఏమో, ఎవరికి తెలుసు’ అన్నారు. మా నాయినే సగం నమ్మాడు.

చిన్నమ్మ పుట్టింటికి పోలేదు. మా ఇంట్లోనే వెనక గదిలో ఉండిపోయింది. ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. తోటలన్నీ ప్లాట్లయ్యాక కోళ్లఫారానికి పోయేది. బొట్టు పెట్టుకుంటే, మొగుడు ఇడిసిపెట్టి పోయినా దీనికి సోకు తగ్గలేదనేవాళ్లు. ఒకరోజు పెట్టుకోకపోతే, బతికున్న మొగుణ్ని చంపేస్తున్నదనేవాళ్లు. పెళ్లిళ్లలో ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలిసేది కాదు. కూర్చోబెట్టేవాళ్లకూ తెలిసేది కాదు. ‘మీ ఆయన జాడ ఏమన్న దొరికిందా’ అని అడిగి, జవాబు వినకుండానే భోజనాల వైపు పోయేవాళ్లు.

కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. మూసేశారు. షెడ్లకు తుప్పు పట్టింది. గోడల మీద తుమ్మ మొలిచింది.

రెండు వేల సంవత్సరం దాటాక మా వైపు భూముల ధరలు లేచాయి. రింగురోడ్డు వస్తోందన్నారు. పాత షెడ్లలో కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి, కొన్ని గోడౌన్లయ్యాయి. రాత్రి ఎనిమిదయితే కుక్కలు తప్ప ఏమీ కనబడని రోడ్డు మీద రంగురంగుల బోర్డులు వెలిశాయి. సికింద్రాబాద్ నుంచి, అల్వాల్ నుంచి కుర్రకారు కార్లలో వచ్చి తాగి, తిని, పాటలు విని అర్ధరాత్రి దాటాక వెళ్లేవాళ్లు. మా ఏరియా డెవలప్ అయిందని మావాళ్లు మురిసిపోయారు.

అప్పటికి నేను బేగంపేటలో ఒక కాల్ సెంటర్లో చేరాను. ఒక శనివారం మా టీం లీడర్‌కు ప్రమోషన్ వచ్చిందని అందరం డిన్నర్‌కు వెళ్లాం. కొత్తగా తెరిచిన రెస్టారెంట్ అని చెప్పి మేడ్చల్ వైపు తీసుకెళ్లారు. నాకు ఇల్లు దగ్గర కదా అని సంతోషపడ్డాను. చీకట్లో, దీపాల తోరణాల మధ్య, కొత్త ఆర్చి కింద నుంచి కారు లోపలికి వెళ్లేసరికి ఎక్కడున్నానో నాకు తెలియనేలేదు. దిగి తలెత్తి చూస్తే ఎత్తయిన నీళ్ల ట్యాంకు. ఇనుప కాళ్ల మీద, ఒక పక్కకు కొంచెం ఒరిగి. చిన్నప్పుడు చిన్నమ్మతో గేటు దగ్గర నిలబడి చూసిన ట్యాంకే. అది రంగుల కంపెనీ.

లోపల ఏదీ దాచలేదు. దాచకపోవడమే వాళ్ల గొప్ప. ఇటుక గోడలకు సున్నం గీకేసి ఎర్రగా వదిలారు. పైపులకు ఎరుపు, నీలం రంగులు వేశారు. రంగులు ఉడికించిన పెద్ద ఇనుప డ్రమ్ములను కోసి బార్ కౌంటర్ చేశారు. సర్వ్ చేసేవాళ్లకు పాత కూలీల మాదిరి నీలం చొక్కాలు, తలకు హెల్మెట్లు. మెనూలో తాగే వాటికి ‘నైట్ షిఫ్ట్’, ‘ఓవర్‌టైం’ అని పేర్లు. మావాళ్లంతా భలే ఐడియా అని ఫోటోలు తీసుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. ప్లేటు పక్కకు జరిపి లేచాను.

ఇంటికి ఫోన్ చేద్దామంటే లోపల పాటల హోరు. సిగ్నల్ కూడా సరిగా లేదు. బాత్‌రూముల పక్కనున్న సందు గుండా వెనక్కి వెళ్లాను. అటు ఇంకా బాగుచేయలేదు. పాత షెడ్డు గోడ, గోడకు ఒక ఇనుప తలుపు, దానికి పెద్ద గొళ్లెం. వంటగది కిటికీ నుంచి పడే వెలుతురు తప్ప దీపం లేదు.

నల్లా కారుతున్న చప్పుడు వినిపించింది.

తలుపు పక్కన ఒక మనిషి వంగి చేతులు రుద్దుకుంటున్నాడు. నీలం చొక్కా. వెలుతురు ఆయన వెనక నుంచి వస్తోంది కాబట్టి మొహం కనబడలేదు. నాకు భయం వేయలేదు. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది భయంలో ఏదో చూసి ఉంటావన్నారు. రెస్టారెంట్ మనిషి, గిన్నెలు కడిగి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు అనుకున్నాను. అంతే.

ఆయన తల తిప్పకుండానే, “బిడ్డా, జర గీ నల్లా బంద్ చెయ్యి. నా చేతులు ఖరాబున్నయి” అన్నాడు.

నేను వెళ్లి నల్లా తిప్పాను. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది. నీళ్లు చిమ్మి నా కుర్తా కుడి చెయ్యి మోచేతి దాకా తడిసింది.

“ఇంటికి పోతవు గదా. ఇంట్ల చెప్పు. నేను పనికి వచ్చిన. బయటికెళ్లి తాళమేసిండ్రు” అన్నాడు.

ఎవరో పనివాణ్ని గదిలో పెట్టి తాళం వేశారేమో, ఇప్పుడే బయటపడ్డాడేమో అనుకున్నాను. నాకు అసలే మంటగా ఉంది. నేరుగా లోపలికి వెళ్లి మేనేజర్‌ను పట్టుకుని, మీ మనుషులను తాళం వేసి ఉంచుతారా అని అడిగాను. అతను తెల్లబోయాడు. వెనక వైపు తమ వాళ్లెవరూ పనిచేయరని, అటు కరెంటు గానీ నీళ్లు గానీ లేవని చెప్పాడు. నాతో పనిచేసే స్రవంతి పక్కనే ఉంది. “అదేంటే, నీ చెయ్యంతా తడిసింది?” అంది. అప్పుడు చూసుకున్నాను. కుర్తా తడిసి ఉంది. నా అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ ఎప్పటిలాగే మేలుకుని ఉంది. తలుపు తీసింది. నేను గడప దాటబోతుంటే ఒక్కసారిగా నా మణికట్టు పట్టుకుంది. ముందు ముక్కు దగ్గరికి తీసుకుంది, తర్వాత దీపం కిందికి.

“ఏడికెళ్లి వస్తున్నవే?”

చెప్పాను. ఏదీ దాచలేదు. తాళం మాట చెప్పేటప్పుడు ఆమె పట్టు ఎంత బిగిసిందంటే నా గాజు పగిలింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికి పోయి కిరోసిన్ సీసా, ఇటుక పొడి తెచ్చింది. నా చేతులు తన ఒళ్లో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. కొంచెం రుద్ది ఆపేసింది.

“ఉండనీయ్” అంది. “రేపు వాళ్లకు చూపించాలె.”

మర్నాడు సాయంత్రం ఇద్దరం బయలుదేరుతుంటే నాయిన అడ్డం వచ్చాడు. “ఇన్నేండ్లకు మళ్ల గా ముచ్చట లేపి ఇజ్జత్ తీస్తవా అండాలూ?” అన్నాడు.

“ఎవల ఇజ్జత్ బావా? నాదైతే మీరందరు కలిసి ఎప్పుడో తీసిండ్రు” అంది చిన్నమ్మ. నాయిన పక్కకు జరిగాడు. తర్వాత చెప్పులేసుకుని మా వెనకే వచ్చాడు.

ఆదివారం. రెస్టారెంట్ నిండా జనం. నేత చీర కట్టుకుని, కోళ్లఫారం పని చేసి బండబారిన చేతులతో చిన్నమ్మ దీపాల మధ్య నుంచి నడుస్తుంటే టేబుళ్ల దగ్గరివాళ్లు తల తిప్పి చూశారు. మేనేజర్ నన్ను గుర్తుపట్టాడు. గొడవ కాకూడదని మమ్మల్ని తనే వెనక్కి తీసుకెళ్లాడు, టార్చ్ పట్టుకుని.

నల్లా లేదు. గోడలో నుంచి పొడుచుకొచ్చిన పైపు ముక్క ఉంది. కోసేసి, మూతి చితక్కొట్టి, తుప్పు పట్టి. తిప్పడానికి అక్కడ ఏమీ లేదు. కింద మట్టి పొడిపొడిగా ఉంది. దాని మీద నా చెప్పుల గుర్తులు రావడం, పోవడం స్పష్టంగా ఉన్నాయి. వేరే గుర్తులు లేవు.

మేనేజర్ కబురు పెట్టాడో, గొడవ వినబడిందో, ఓనర్ వచ్చాడు. మనిషి వయసు మీద పడ్డా నిటారుగా ఉన్నాడు. తెల్లచొక్కా. ఆ రోజుల్లో కంపెనీ ఆయనదే, ఈ రెస్టారెంట్ ఆయన కొడుకు పెట్టించింది. చిన్నమ్మను చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు నటించాడు.

“నా మొగడు గా రాత్రి డ్యూటీకి వచ్చిండు సారు. వచ్చిండని ఒక్క మాట చెప్పు. ఇంకేమొద్దు” అంది చిన్నమ్మ.

“చూడమ్మా, మీ ఆయన ఆ రోజు రాలేదు. అప్పుడే చెప్పాం. ఎన్నిసార్లు చెప్పాలి? కస్టమర్లున్నారు, గొడవ చేయకండి” అన్నాడాయన, ఇనుప తలుపు గొళ్లెం మీద చెయ్యి ఆనించి.

చెయ్యి తీసేసరికి పచ్చగా ఉంది.

మేనేజర్ టార్చ్ ఆ చేతి మీదే ఉంది. నలుగురం చూశాం. ఆయన జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. పోలేదు. ఇంకా గట్టిగా తుడిచాడు. చొక్కాకు రాసుకున్నాడు. తెల్లచొక్కా మీద రంగు చార పడింది.  ఆయన మమ్మల్ని చూడటం లేదు. ఆ తలుపునే చూస్తున్నాడు.

“తాళం వేయమంది నేను కాదు” అన్నాడు.

నాయిన నా వైపు చూశాడు. తాళం మాట నేను ఇంట్లో చిన్నమ్మకూ నాయినకూ చెప్పాను. ఇక్కడ మేనేజర్‌తో నిన్న అన్నది, ఎవరో పనివాణ్ని తాళం వేసి ఉంచారా అని మాత్రమే. చిన్నాయిన పేరు నేను ఎత్తనే లేదు. ఈ సాయంత్రం మా ముగ్గురిలో ఎవరి నోటా తాళం మాట రాలేదు.

చిన్నమ్మ ఒక అడుగు ముందుకేసింది. “తాళం ముచ్చట నిన్నెవలడిగిండ్రు?” అంది. అరవలేదు.  “ఏమైందని తాళమేసిండ్రు? గ్యాస్ లీకైతే అది బయటికి పోవద్దనా? తలుపు కొడుతుంటే ఇనబడలేదా నీకు? ఎంతసేపు కొట్టిండు? ఏడ పెట్టిండ్రు నా మనిషిని?”

ఆయన వెనక్కి తిరిగి నడిచాడు. నడక కాస్తా పరుగయింది. కారు ఎక్కి వెళ్లిపోయాడు. లోపల పాట మారలేదు.

మేము అక్కడి నుంచే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఎస్సై మొత్తం విన్నాడు. చేతికి రంగు అంటిందని కేసు ఎట్లా రాస్తామమ్మా అన్నాడు. అక్కడి పాత ఇనుముకు రంగు అంటుకుని ఉండొచ్చు కదా అన్నాడు. మరి ఆయన అన్న మాట అంటే, దాన్ని విన్నది మీరే కదా అన్నాడు. మేనేజర్ సాక్ష్యం చెప్పడానికి ముందు ఒప్పుకున్నాడు. రెండోసారి అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. మూడోసారి వెళ్లేసరికి అతను అక్కడ లేడు. బెంగళూరు పోయాడన్నారు.

ఆ నెల తిరక్కముందే రెస్టారెంట్ వెనకనున్న షెడ్డు కూల్చేశారు. జేసీబీ పెట్టి నేల చదును చేసి, సిమెంట్ పోసి, పైన టైల్స్ పరిచారు. కార్ల పార్కింగ్. మేము అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాం, వాళ్లు నేల మూసేస్తూనే ఉన్నారు. ఇంతకన్నా వివరంగా ఒక మనిషి నేరం ఒప్పుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. చట్టానికి మాత్రం అది పార్కింగ్.

చిన్నమ్మ ఊరుకోలేదు. ఊళ్లోకి వెళ్లింది. చిన్నాయిన బొంబాయి పోయాడని అన్న ప్రతి ఇంటి ముందూ నిలబడింది. లోపలికి రమ్మన్నా పోలేదు. వాకిట్లోనే నిలబడి, “నా మొగడు ఏడికి పోలే. డ్యూటీకి వోయిండు. లోపలేసి తాళమేసిండ్రు. ఇన్నరా?” అని చెప్పి, విన్నామని వాళ్లు అనేదాకా కదల్లేదు. కొందరు ఏడ్చారు. కొందరు తలుపు వేసుకున్నారు. తలుపు వేసుకున్న ఇంటికి మర్నాడు మళ్లీ పోయింది. అన్ని ఇళ్లూ అయ్యాక మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. నాయిన బయటికి వచ్చి, తమ్ముడి భార్య కాళ్ల దగ్గర కూర్చుని తల వంచుకున్నాడు. ఆ వారంలోనే చిన్నాయినకు దినాలు చేశాం. ఎవరూ పిలవకుండానే ఊరంతా ఆ భోజనాలకు వచ్చింది.

రంగు సంగతి నేను చాలా ఆలోచించాను. పాత రంగు గొళ్లేనికి, గోడకు పట్టి ఉండొచ్చు. చేతి చెమటకు అంటి ఉండొచ్చు. ఆ ముసలాయన నోరు జారడానికి కూడా కారణం ఉంది, కడుపులో పెట్టుకున్న పాపం ఎప్పుడో ఒకప్పుడు కక్కక తప్పదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నీళ్లు లేని పైపు నుంచి నా కుర్తా ఎట్లా తడిసింది? స్రవంతి చూసింది కదా. తాళం మాట నాకు చెప్పిందెవరు? మొహం చూడలేదు కాబట్టి అది మా చిన్నాయిననే అని నేను ఒట్టు వేయలేను. కాదని కూడా వేయలేను.

చిన్నమ్మకు మాత్రం ఆ అనుమానం లేదు. ఆమె కోపం వేరే. దినాలైన తర్వాత ఒకరోజు అంది, “అన్నేండ్లు రాత్రి రాత్రంతా నేను తలుపు దగ్గర కూసున్న. నాకెందుకు కనబడలె? నీకు కనబడ్డడు. నాతోని ఒక్క మాట చెప్పొద్దా?”

నేను ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆమె ఒక్కతే ఆ రెస్టారెంట్‌కు పోయింది. వద్దంటే వినలేదు. కొత్త మేనేజర్ మొదట్లో ఆపబోయాడు. ఆమె చూపు చూసి ఊరుకున్నాడు. వెనక వైపు చివరి టేబుల్ దగ్గర, పార్కింగ్ కనబడేటట్టు కూర్చునేది. ఒక చాయ్ తెప్పించుకునేది. చుట్టూ డ్యాన్సులు, నవ్వులు, గ్లాసుల చప్పుడు. పిల్లలు ఆమెను చూసి ఎవరి అమ్మో దారి తప్పి వచ్చిందనుకునేవాళ్లు. ఆఖరి కారు వెళ్లేదాకా ఉండి, లేచి రోడ్డు మీదికి వచ్చేది. నేను బండి వేసుకుని వెళ్లి ఎదురుచూసేదాన్ని.

ప్రతిసారీ ఒకటే అడిగేదాన్ని, కనబడ్డాడా అని. ప్రతిసారీ ఆమె బండి ఎక్కి కూర్చుని, “నడువు” అనేది.